బదిలీ నిద్ర

మధ్యాహ్నం రెండింటికి గోగునార మిల్లు కూత వేస్తే ఊళ్ళో అందరికీ షిఫ్టు మారినట్టు. నూకరత్నానికి మాత్రం తెల్లవారినట్టు.

ఆ కూతకే ఆమె కళ్ళు తెరిచేది. మెడ వెనక అంటించుకున్న సన్నగొట్టాన్ని ఊడదీసి, మంచం పక్కన ఐసుపెట్టెలో దింపిన గాజుసీసా కేసి చూసేది. గంజి మీద తేరిన తేటలాంటి నీరు అందులో మెడదాకా ఉండేది. అది నీరు కాదు. ఆమె నిద్ర.

"గౌరీ, సీసా నిండిందే. ఐసు కరక్కముందే ఆడికి పట్టుకెళ్ళిపో."

మరదలు గౌరి వచ్చి సీసా తీసుకుని మేడ మీదకి వెళ్ళేది. ఆ తరవాతే నూకరత్నం మొహం కడుక్కునేది. ముందు తమ్ముడి నిద్ర, తరవాత తన పళ్ళపొడి. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో వరస అదే.

తమ్ముడు సన్యాసిరావు ఆమెకంటే ఎనిమిదేళ్ళు చిన్న; అక్కని 'అప్పా' అని పిలిచేవాడు. తల్లి మిల్లులో నార వడికే చోట పనిచేసేది. తండ్రి మగ్గాల దగ్గర బదిలీ. తల్లి షిఫ్టుకి వెళ్ళగానే పసివాణ్ణి చీర ఉయ్యాలలో వేసి జోకొట్టడం నూకరత్నం వంతు. ఆ పిల్లాడికి ఒక పాడు అలవాటు ఉండేది. వీపు మీద అప్ప చెయ్యి పడుతున్నంతసేపే నిద్ర. చెయ్యి ఆగిందా, కళ్ళు తెరిచేవాడు. కుడి చెయ్యి నొప్పెడితే ఎడమ చేత్తో, ఎడమ చెయ్యి నొప్పెడితే మోచేత్తో తట్టేది.

"ఒలే నూకీ, ఆ గుంటడికి కంట్లో నిద్దర లేదే, నీ సేతిలో ఉంది" అని మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో ఆడవాళ్ళు నవ్వేవారు. నూకరత్నానికి ఆ మాట పూలు పెట్టినంత సంబరంగా ఉండేది.

బదిలీ అంటే ఆ ఊళ్ళో వేరే చెప్పక్కర్లేదు. పర్మనెంటు మనిషికి జ్వరం వస్తేనో, ఇంట్లో చావు పడితేనో అతని మగ్గం మీద నిలబడేవాడు బదిలీ. అతను తిరిగొచ్చి బదిలీ భుజం తట్టి, "నా మగ్గం నాకియ్" అనాలి. అప్పుడు బదిలీ మారుమాట లేకుండా తప్పుకోవాలి. అంతవరకూ మాత్రం కదలకూడదు. "ఎప్పుడొస్తావు" అని కబురు కూడా పెట్టకూడదు. ఆడే మగ్గాన్ని ఒగ్గేసి పోతే పోగు తెగుతుంది, గుడ్డ పాడవుతుంది, ఆ మనిషి పేరు గేటు దగ్గర మళ్ళీ పిలవరు. ఒకసారి మగ్గం మనిషి తాగి పడిపోయి రాలేదు. నూకరత్నం తండ్రి మూడు షిఫ్టులు వరసగా నిలబడ్డాడు. కాళ్ళు గుమ్మడికాయల్లా వాచి ఇంటికొచ్చి, "మగ్గం ఒగ్గేసినోడు మనిషి కాడమ్మా" అన్నాడు. అదే ఆ ఇంటికి ఆస్తి, అదే వేదం.

తండ్రి పోయాక సన్యాసిరావుకి పర్మనెంటు పని దొరికింది. ఇరవై రెండేళ్ళవాడు, నవ్వితే మగ్గాల చప్పుడులో కూడా వినపడేది. ఆ ఏడే మెదడుకి జ్వరం పట్టింది. జ్వరం పోయింది. పోతూ పోతూ నిద్రని తీసుకుపోయింది. రెప్ప వాలుతుంది, ఒళ్ళు సోలుతుంది, నిద్ర మాత్రం పట్టదు. మాత్రలు వేస్తే చచ్చినట్టు పడి ఉండేవాడు కానీ లోపల మెలకువగానే ఉండేవాడు. నెల తిరిగేసరికి గోడల మీద చీమల బారులు కనిపిస్తున్నాయని గోకడం మొదలుపెట్టాడు. వీపు మీద నూకరత్నం ఎంత తట్టినా లాభం లేకపోయింది. మొట్టమొదటిసారి ఆమె చెయ్యి పనికిరాలేదు.

అప్పుడు ఎవరో చెబితే విశాఖలో కొండ మీద ఉన్న పరిశోధనాలయానికి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టర్ మృణాళిని ఒక గాజుపెట్టె చూపించింది. అందులో రెండు ఎలకలు. ఒకటి చక్రంలో అదే పనిగా పరుగెడుతోంది. రెండోది మూల ముడుచుకుని నిద్రపోతోంది. దాని మెడ నుంచి దారం లాంటి గొట్టం.

"ఈ రెండూ ఒక్క ఈతలో పుట్టినవి. పరుగెత్తేదానికి నిద్ర పట్టే నరం మేము తీసేశాం. అయినా అలసిపోదు. ఎందుకంటే దాని నిద్ర కూడా ఈ పడుకున్నదే పోతోంది. మనం పడుకున్నప్పుడు మెదడులో ఒక రసం ఊరుతుందమ్మా. అలసటని కడిగేది అదే. దాన్ని తీసి ఇంకొకరికి ఎక్కించొచ్చు. కాకపోతే తోడబుట్టినవాళ్ళదే అతుకుతుంది."

"ఇచ్చినోలికి మరి?"

"ఇచ్చిన నిద్ర ఇచ్చినట్టే. అది మీ అలసట తీర్చదు. మీకోసం మళ్ళీ పడుకోవాలి."

అంటే రాత్రి పదింటి కూతకి పడుకుంటే పొద్దున్న ఆరింటి కూతదాకా తమ్ముడి కోసం. ఆరు నుంచి రెండింటి కూతదాకా తన కోసం. రెండు షిఫ్టుల నిద్ర, ఒక షిఫ్టు బతుకు. నూకరత్నం మిల్లు లెక్కలో ఇట్టే అర్థం చేసుకుంది. గాజుపెట్టె మీద వేలు పెట్టి, "ఆ తొంగున్న ఎలకకి ఏటీ కాదు కదా తల్లీ?" అంది.

"ఏమవుతుంది? ఎక్కువసేపు పడుకుంటుంది, అంతే."

మెడ వెనక బియ్యపు గింజంత వస్తువు పెట్టారు. ఇంటికొచ్చాక మంచం ఎక్కే ముందు ఆమె తమ్ముణ్ణి ఎదుట కూచోబెట్టుకుంది.

"ఒరే సన్నాసీ, నాను నీ బదిలీని. నీకు నిద్దరొచ్చిన్నాడు నువ్వే వొచ్చి నా బుజం తట్టు. అంతవరకూ నాను నిన్నడగను, ఎవుల్నీ అడగను."

అతను ఆమె పాదాల మీద తల పెట్టి ఏడ్చాడు. "తడతానప్పా. నీ మీదొట్టు."

మొదటి సీసా ఎక్కించిన మర్నాడు సన్యాసిరావు కుండెడు అన్నం తిన్నాడు. గోడల మీద చీమలు పోయాయి. అప్ప కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తను కనిపించాలని, రెండింటి కూతకి ముందే వచ్చి మంచం పక్కన పీట వేసుకుని కూచునేవాడు. చేతిలో టీగ్లాసు. ఆమె లేవడంతోనే, "రాత్రంతా ఏటి సేసినావురా?" అని అడిగేది. అతను చెప్పేవాడు. ఏటి ఒడ్డున నక్కలు అరిచిన సంగతి, తెల్లారగట్ల గోగుకట్టల మీద మంచు పడిన సంగతి, పాలవాడు సైకిలు మీంచి పడిన సంగతి. తన నిద్రలో జరిగిన లోకాన్ని వాడి నోట వింటుంటే ఆమెకి కడుపు నిండేది. ఇచ్చింది ఎక్కడికీ పోలేదు, వాడి కళ్ళల్లో ఉంది అనుకునేది.

మిల్లులో ఆమె పని పోయింది. రోజూ ఒకే షిఫ్టు ఇచ్చే మిల్లు ఎక్కడుంది? ఇంట్లోనే గోనెసంచులు కుట్టేది.

గవర్రాజు అని మగ్గాలు బాగుచేసే ఫిట్టరు ఒకడు ఆమెని చేసుకుంటానని అప్పటికే మాటిచ్చి ఉన్నాడు. మధ్యాహ్నం షిఫ్టు పడిన వారం అతని మొహమే ఆమెకి కనపడేది కాదు. మిగతా వారాల్లో వచ్చి గుమ్మంలో కూచుని సంచులకి దారం ఎక్కించి ఇచ్చేవాడు.

"పెళ్ళయ్యాకయినా ఇంతేనేటి? నాను డ్యూటీ దిగొస్తే నువ్వు తొంగోడం, నువ్వు లెగిస్తే నాను డ్యూటీకెక్కడం. మనకి పిల్లలెలగ పుడతారే? తపాలాలోనా?"

ఆమె కిసుక్కున నవ్వింది. "ఆడికి బాగైపోతే నాను రానేటి?"

"ఎప్పుడు బాగవుద్ది? వెళ్ళి డాక్టర్ని అడుగు."

"బదిలీ అడగదు."

రెండేళ్ళు ఓపిక పట్టి గవర్రాజు ఒరిస్సా వైపు ఇంకో మిల్లుకి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు వచ్చాడట. ఆమె నిద్రలో ఉంది. సూదిడబ్బా ఒకటి మంచం మీద పెట్టి పోయాడు.

ఆ రోజు మాత్రం సన్యాసిరావు ఆమె కాళ్ళ దగ్గర కూచుని, "నా మూలాన్నే అప్పా" అన్నాడు. "పోనీరా" అంది. ఆ 'పోనీ' ఆమె నోట తేలిగ్గా రాలేదు. అదే మొదటిసారి.

సన్యాసిరావు పెళ్ళి తెల్లవారుజాము ముహూర్తం. "ఒక్క రోజు సీసా లేకపోతే పీటల మీదే పడిపోతానేమోనప్పా" అన్నాడు. పందిరి వెనక గదిలో మెడకి గొట్టంతో నూకరత్నం పడుకుని ఉండగానే మంగళసూత్రం పడింది. పెళ్ళికొడుకు అప్ప ఏదని పెళ్ళివారు అడిగితే, "తొంగుంది" అన్నారట. ఆ ముక్క చెప్పుకుని ఊరు ఏడాది నవ్వింది. నూకరత్నం కూడా నవ్వింది. ఫోనులో పెళ్ళి చూసింది. చిన్న తెరలో తమ్ముడు అక్షింతల కోసం తల వంచిన చోట, ఆపి ఆపి చూసుకుంది.

రాత్రీ పగలూ మెలకువ ఉన్నవాడికి సంపాదన కష్టం కాదు. సన్యాసిరావు రెండేసి షిఫ్టులు చేశాడు. తరవాత మిల్లుకి బదిలీ కూలీల్ని తెచ్చే మేస్త్రీ అయ్యాడు. పొద్దున్నే గేటు ముందు స్టూలు ఎక్కి నిలబడి, ఎవరు లోపలికి వెళ్ళాలో ఎవరు ఇంటికి పోవాలో చెప్పేది అతనే. లైన్ల గది పోయి మేడ లేచింది. నూకరత్నానికి కింద వాకిలి పక్క గది ఇచ్చారు. చీకటిగా ఉంటే నిద్ర బాగా పడుతుందని కిటికీకి రేకు కొట్టించారు.

టీగ్లాసు పట్టుకుని పీట మీద కూచోవడం ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకి గుర్తు లేదు. మొదట గౌరితో పంపేవాడు. తరవాత గౌరి ఫ్లాస్కులో పోసి పెట్టేది. మేనకోడలు నీలవేణికి మాటలు వచ్చాక ఆమెని 'నిద్రత్త' అని పిలిచింది. ఎవరూ ఆ పిల్లని తిట్టలేదు, సరికదా అందరికీ అదే పేరు అలవాటయింది.

ఒకసారి నూకరత్నానికి విషజ్వరం వచ్చి సీసా సగమే నిండింది. మేడమెట్ల మీద నిలబడి తమ్ముడు ఫోనులో మాట్లాడటం వినపడింది. "ఈ వారం తక్కువిస్తంది మేడమ్. ఏటైనా మందు మారుత్తారా?" పాలు తగ్గిన గేదె గురించి మాట్లాడినట్టే ఉంది. జ్వరం ఎలా ఉందని ఎవరూ అడగలేదు. 'పాపం, పనిలో తలమునకలై ఉన్నాడు' అని సర్దిచెప్పుకుంది. అదీ ఒకందుకు ప్రేమే. ముందు ప్రేమ దానంతట అది పొంగేది, ఇప్పుడు కట్టెలు ఎగదోస్తే గానీ రాజుకోవడం లేదు. అంతే తేడా.

ఇంకోసారి సంతలో ఇద్దరూ కలిసి వెళ్తుంటే కూరలమ్మి, "మీ అబ్బాయేటమ్మా? సెంద్రుడిలాగున్నాడు" అంది. సన్యాసిరావుకి మీసం దగ్గర కూడా ఒక్క తెల్లవెంట్రుక లేదు. నూకరత్నం తల నెరిసి, ఎండ చూడక ఒళ్ళు పాలిపోయి, బుగ్గలు లోపలికి పోయాయి. "కాదు, మా అప్ప" అంటాడని చూసింది. అతను వంకాయలు ఏరుకుంటూ ఉండిపోయాడు.

పదకొండో ఏడు మాఘమాసంలో ఒక రోజు గింజ పనిచెయ్యడం మానేసింది. గొట్టంలోకి చుక్క దిగలేదు. దిగని నిద్ర ఆమెలోనే ఉండిపోయింది. కడుపు నిండిన మనిషి విస్తరి ముందు నుంచి లేచినట్టు, పొద్దు బారెడెక్కక ముందే నూకరత్నం లేచింది.

తలుపు తీస్తే ఉదయం. ఎండ తూర్పు నుంచి వస్తోంది. ఇన్నేళ్ళలో ఆమె చూసింది పడమటి ఎండే. నీడలన్నీ తప్పు వైపు పడినట్టు అనిపించింది. కాకులు ఇంత గోల చేస్తాయని మరిచిపోయింది. ఎవరింట్లోనో పోపు వేస్తున్నారు. ఏటిలో నానబెట్టిన గోగు కంపు చల్లగాలితో కలిసి వస్తే, ఆ కంపే ఆమెకి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఈ సంగతి మొట్టమొదట తమ్ముడికే చెప్పాలనుకుని మెట్లు ఎక్కింది.

మేడ మీద గదిలో సన్యాసిరావు నిద్రపోతున్నాడు.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. పడుకోవడం కాదు, ఆయాసం తీర్చుకోవడం కాదు. నిద్ర. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గురక సన్నగా లేచి పడుతోంది. చిన్నప్పటిలాగే ఒక చెయ్యి బుగ్గ కింద పెట్టుకున్నాడు.

నూకరత్నం కళ్ళ వెంట నీళ్ళు జలజల కారాయి. ఏ దేవుడికి మొక్కనిది? ఏ పైడితల్లికి ముడుపు కట్టనిది? వాడికి నిద్ర వచ్చింది! ఈ రోజే వచ్చిందేమో, ఇప్పుడే వచ్చిందేమో, లేచి తనకే చెబుతాడు అనుకుంది. చప్పుడు కాకుండా వెళ్ళి మంచం అంచున కూచుంది. చెయ్యి తనంతట తానే వెళ్ళి తమ్ముడి వీపు మీద పడింది. మెల్లగా జోకొట్టడం మొదలుపెట్టింది.

కాసేపటికి వాకిట్లో ఆడుకుంటున్న నీలవేణి వచ్చి, "ష్, అత్తా! లేపకు. నాన్న రోజూ గేటుకాడి నుంచి వొచ్చి ఈ టయానికి తొంగుంటాడు. గోల సేస్తే కొడతాడు" అంది.

"రోజూనా?"

"నాను బడికెళ్ళకముందు నుంచీ."

నూకరత్నం చెయ్యి ఆగింది.

ఆపి, చూసింది. చెయ్యి ఆగితే కళ్ళు తెరిచేవాడు కదా. సన్యాసిరావు కదల్లేదు. గురక ఆగలేదు. హాయిగా ఇటు నుంచి అటు ఒత్తిగిలి, అప్పకి వీపు తిప్పి, మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు.

కాఫీ గ్లాసుతో వచ్చిన గౌరి ఆమెని చూసి గుమ్మంలోనే గ్లాసు కింద పెట్టి గొంతు తగ్గించింది. "నువ్వేటి ఒదినా... ఇప్పుడు లెగిసిపోనావు?"

"గింజ పాడైందే" అంది నూకరత్నం. ఆ మాట మీదే మెట్లు దిగింది.

ఆ మధ్యాహ్నం బస్సెక్కి ఒక్కతే కొండ మీదకి వెళ్ళింది. డాక్టర్ మృణాళిని కొత్త గింజ పెడుతూ మాట్లాడుతోంది. నూకరత్నం తల వంచుకునే, "మా తమ్ముడికి నిద్దర ఎప్పుడొచ్చింది తల్లీ?" అంది.

డాక్టరు చేతులు ఒక్క క్షణం నిలిచిపోయాయి. "నాలుగేళ్ళయిందమ్మా. మీకు... ఆయనే చెబుతానన్నారే. మీలో మీరు మాట్లాడుకునే సంగతి, మీరు చెప్పకండి అన్నారు. ఇన్నేళ్ళుగా మీరు సీసా పంపుతుంటే ఒప్పుకునే పంపుతున్నారనుకున్నాను."

"మరి ఆ సీసాలేటి సేస్తన్నాడు?"

"ఎక్కించుకుంటున్నారు. తన నిద్రకి మీ నిద్ర తోడైతే మనిషి అలసిపోడు, తొందరగా ముదరడు. ఇంతవరకూ లోకంలో ఎవరూ చూడని ఫలితం అది. మీరెప్పుడూ అడగలేదు కదమ్మా?"

నూకరత్నం తలెత్తి గాజుపెట్టె ఉండే బల్ల కేసి చూసింది. బల్ల ఖాళీగా ఉంది. "ఆ ఎలకలేటైపోనాయి?"

"చక్రం తిప్పేది చాలాకాలం బతికింది. రెండోది..." డాక్టరు దూది చుట్టడంలో పడింది. "దాని సంగతి మీరు పట్టించుకోకండి."

గింజ తీయించుకోకుండానే ఆమె ఇంటికొచ్చింది. ఎందుకంటే మగ్గం మనిషి రాకుండా బదిలీ పోకూడదు. చిన్నప్పటి నుంచీ ఎముకల్లో ఇంకిన మాట అది. వాడు మర్చిపోయి ఉంటాడు, భయపడి ఉంటాడు, సిగ్గుపడి ఉంటాడు. గుర్తు చేస్తే వస్తాడు. వచ్చి తడితే చాలు. నాలుగేళ్ళూ నీళ్ళల్లో కలిసిపోయినా సరే, తడితే మళ్ళీ తన తమ్ముడే.

ఆ రోజు నుంచి పడుకోబోయే ముందు మేడ మెట్ల దగ్గర నిలబడి అడగడం మొదలుపెట్టింది. బదిలీ అడగకూడదన్న నియమాన్ని తమ్ముడి కోసం ఆ మేరకి తప్పింది.

"నిద్దరేటైనా పడతందేటిరా సన్నాసీ?"

"నాకెక్కడి నిద్దరప్పా" అనేవాడు. ఒకసారి నిట్టూర్చి, ఒకసారి నవ్వి, ఒకసారి అన్నం నములుతూ, ఒకసారి ఫోనులోంచి తల ఎత్తకుండా. ఆ పొద్దుటి సంగతి మొగుడికి చెప్పని గౌరి గోడ వైపు చూసేది. ఎండలు పోయాయి, వానలు వచ్చాయి. ఆమె అడుగుతూనే ఉంది. అతను అదే జవాబు చెబుతూనే ఉన్నాడు. పొయ్యిలోంచి ఒక్కో కట్టె వెనక్కి లాగినట్టు, ఒక్కో అబద్ధానికీ ఆమె లోపల ఒక్కో సెగ తగ్గేది. అతను అలా చెప్పినప్పుడు మొదట్లో ఏడుపు వచ్చేది. తరవాత కోపం. ఆ తరవాత అతని మొహంలో కుడి కన్ను కొంచెం చిన్నదని, అబద్ధం చెప్పేటప్పుడు ముక్కు గోక్కుంటాడని, పరాయివాణ్ణి చూసినట్టు చూడగలిగింది.

ఒక సాయంత్రం ఆమె వాకిట్లో కూచుని సంచులు కుడుతోంది. వెనక నుంచి వచ్చి సన్యాసిరావు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. మెల్లగా తట్టాడు.

సూది వేలిలో దిగింది. ఆమెకి తెలియలేదు. వచ్చాడు. వచ్చేశాడు నా తండ్రి. పదకొండేళ్ళ తరవాతైనా సరే వచ్చి తట్టాడు. ఆ ఒక్క క్షణంలో చల్లారిన పొయ్యంతా మళ్ళీ భగ్గుమంది. తలెత్తి నవ్వింది.

"అప్పా" అన్నాడు సన్యాసిరావు. "రెండు మిల్లులకి నన్నే మేస్త్రీగా ఉండమంటన్నారు. డాక్టరమ్మనడిగినాను. నువ్వు ఇంకో రెండు గంటలు ఎక్కువ తొంగుంటే ఇబ్బంది లేదంటంది. రేపట్నుంచి నాలుగింటికి లెగుద్దువు. ఏటంటావు?"

నూకరత్నం వేలికి అంటిన రక్తం కొంగుకి తుడుచుకుంది. "ఏటంటాను? నీ ఇష్టం" అంది.

ఆ రాత్రి ఆమె మెడకి గొట్టం తగిలించుకోలేదు. ఆరింటి కూతకి ముందే లేచింది. సీసా ఖాళీగా ఐసులో అలాగే ఉంచి, గవర్రాజు ఇచ్చిన సూదిడబ్బా, రెండు చీరలు మూట కట్టుకుని మిల్లు వైపు నడిచింది.

గేటు ముందు బదిలీలు బారులు తీరి ఉన్నారు. సన్యాసిరావు స్టూలు మీద నిలబడి చెయ్యి చాపి ఒక్కొక్కణ్ణీ పిలుస్తున్నాడు. "నువ్వు రా. నువ్వు రేపు కనబడు. ఒరే ముసలోడా, నీకు కళ్ళు కనిపిస్తన్నాయా, మగ్గం కనిపిస్తందా?" జనం నవ్వారు. నెరిసిన తలతో, పాలిపోయిన ఒంటితో ఆడమనిషి ఒకత్తె వాళ్ళ మధ్య నుంచి వస్తుంటే నవ్వు ఆగింది. నిద్రత్తని పొద్దుటి ఎండలో ఎవరూ చూసి ఎరగరు.

నూకరత్నం స్టూలు వెనక్కి వెళ్ళింది. మునివేళ్ళ మీద లేచి తమ్ముడి భుజం తట్టింది.

"నా మగ్గం నాకియ్" అంది.

సన్యాసిరావు వెనక్కి తిరిగాడు. మొహంలో నెత్తురు లేదు. "అప్పా... నువ్వేటి, ఇప్పుడు... ఇంటికాడ మాటాడుకుందాం పద."

"నాను మాటాడ్డానికి రాలేదు. మగ్గం మనిసిని వొచ్చినాను. ఇన్నాళ్ళూ నీకు నాను బదిలీననుకున్నాను. కాదురా. నా బతుక్కి నువ్వే బదిలీగా ఎక్కి కూకున్నావు. దిగు."

ఆ మాట ఏమిటో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అతను కళ్ళు కనిపించవన్న ముసలి బదిలీయే ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "దిగాల మేస్త్రీ. బుజం తట్టీసింది కదా. మాటాడకూడదు, దిగిపోవాల."

సన్యాసిరావు స్టూలు దిగాడు. దిగి, ఆమెకి మాత్రమే వినపడేలా, "నీకు సెప్తే ఆపేస్తావని బయమేసిందప్పా. అడిగితే ఇయ్యవేమోనని" అన్నాడు.

"అడిగితే ఇచ్చీదాన్నిరా. నా ఏడుపంతా అదే" అంది నూకరత్నం.

కొండ మీద గింజ తీయించుకుంది. డాక్టరు దాన్ని చిన్న డబ్బాలో భద్రంగా దాచుకుంది, పరిశోధనకి పనికొస్తుందని. నూకరత్నం పాత లైన్లలో ఒక గది తీసుకుంది. తూర్పు కిటికీ ఉన్న గదే కావాలని పట్టుబట్టింది. ఉదయం లేవడం ఆమెకి మళ్ళీ అలవాటు కాలేదు. మధ్యాహ్నం రెండింటి కూత వింటే ఇప్పటికీ ఉలిక్కిపడి మెడ వెనక్కి చెయ్యి పోతుంది.

దీపావళి వెళ్ళాక గౌరి వచ్చింది. నీలవేణి వేలు పట్టుకుని ఉంది. చంకలో ఐసుపెట్టె.

"ఒదినా, ఆయన మొకం చూడలేపోతన్నాం. నాలుగు నెలల్లో పదేళ్ళు పైబడినట్టయిపోనాడు. జుట్టు నెరిసిపోనాది. రెండో మిల్లు పనీ పోయింది. రోజూ వొద్దులే. వారానికొక్క సీసా..."

నూకరత్నం సంచి కుడుతూనే ఉంది. "ఆడికి నిద్దర లేదేటే?"

"ఉంది ఒదినా. బాగానే పడతంది."

"నిద్దర లేకపోతే నా పేణమైనా ఇచ్చీదాన్ని గౌరీ. ఆడికి నిద్దరుంది. సిగ్గే లేదు. అది నా సీసాలో దొరకదు."

నీలవేణి గుమ్మంలో నిలబడి కిటికీలోంచి వచ్చే ఎండని చూస్తోంది. "అత్తా, నువ్వు పగలు కూడా లెగిసే ఉంటావేటి?" అంది. నూకరత్నం పిల్లకి బెల్లంముక్క పెట్టి పంపింది. ఐసుపెట్టె తెచ్చింది తెచ్చినట్టే వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక చాప వేసుకుని నడుం వాల్చింది. పగటినిద్ర పట్టింది. ఎవరికోసమూ కాని నిద్ర. గొట్టంలోకి పోయిన నిద్రకి కలలు ఉండేవి కావు. ఇప్పుడు ఇన్నేళ్ళకి ఒక కల వచ్చింది.

లైన్ల గది. దూలానికి అమ్మ పాతచీర ఉయ్యాల. అందులో పిల్లాడు నిద్ర పట్టక గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అమ్మ షిఫ్టుకి వెళ్ళింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

నూకరత్నం ఉయ్యాల పక్కనే పడుకుని ఉంది. ఏడుపు వింటూనే ఉంది. కుడి చెయ్యి కదలబోయింది. దాన్ని తీసి తల కింద పెట్టుకుని, అటు తిరిగి పడుకుంది.